ఎంగిలి దారం

కాలం మారినప్పుడల్లా ఊళ్ళో సగం మందికి ముక్కులు కారుతాయి, మిగతా సగం మంది కారణాలు చెబుతారు. నీళ్ళు మారాయంటారు. చల్లటివి తాగావంటారు. తల ఆరకుండా బయటికి వెళ్ళావంటారు. ఏ కారణమూ దొరక్కపోతే గాలి ఉండనే ఉంది, గాలి మారిందంటారు. గాలి ఎన్ని మాటలు పడ్డా తిరిగి ఒక్క మాట అనదు కాబట్టి, నేరం దాని మీద మోపడం అందరికీ సుఖం.

చలికోట్లు కుట్టే ఆ దుకాణంలోనూ ఆ వారం అదే మాట నడుస్తోంది. ఎండలు పోయి, చలి ఇంకా పూర్తిగా దిగని రోజులవి. పొద్దున వణికిస్తుంది, మధ్యాహ్నం చెమట పట్టిస్తుంది. గాలికి కొలతల కాగితాలు ఎగిరిపోతున్నాయని మేస్త్రీ కిటికీలన్నీ మూయించాడు. ఇస్త్రీ ఆవిరి, ఉన్ని నూగు, పనివాళ్ళందరి ఊపిరి, అన్నీ ఆ పొడుగాటి గదిలోనే తిరుగుతున్నాయి. గుండీలు కుట్టే ఆవిడ పొద్దుటినుంచీ తుమ్ముతూనే ఉంది. ఆవిణ్ణి అందరూ గుండీల వదిన అంటారు.

"నా ముక్కు కారిందంటే క్యాలెండరు చూడక్కర్లేదు," అంది గుండీల వదిన, రుమాలు వెతుక్కుంటూ. "సీజన్ మారిందన్నమాటే."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. కుర్చీ ఎత్తుకుని గది ఆ చివరికి వెళ్ళి కూర్చుంది.

మేస్త్రీతో సహా ఆ దుకాణంలో అందరికీ ఆమె అక్కే. కోట్లకు లోపల లైనింగ్ వేసే పని ఆమెది. ఆమె అలా లేచి వెళ్ళినందుకు ఎవరూ మొహం మాడ్చుకోలేదు. ఇంట్లో ఆమెకు ఒక తమ్ముడున్నాడని, వాడి ఒంట్లో పనిచేస్తున్నది ఆమె కిడ్నీ అని అక్కడ అందరికీ తెలుసు.

తమ్ముడి కిడ్నీలు రెండూ పాడైపోతే అక్క తనదొకటి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే తీరేది కాదు అది. మనిషి ఒళ్ళు మహా మొండిది. లోపలికి వచ్చింది తోడబుట్టినదానిదే అయినా, పరాయిదంటూ తరిమెయ్యాలని చూస్తుంది. ఆ మొండితనాన్ని అణచడానికి వాడు రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలు కిడ్నీని కాపాడతాయి గాని, రోగాన్ని ఎదిరించే శక్తినీ దాంతోపాటే అణిచేస్తాయి. మనల్ని నాలుగు రోజులు మూలన కూర్చోబెట్టే పడిశం వాడి ప్రాణం మీదికే రావచ్చు. ఆపరేషను అయిన రోజున డాక్టరమ్మ ఈ మాట చెప్పింది. ఇలాంటి మాటలు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసే రకం కాదు అక్క.

అందుకని ఆమె ఇంట్లో పెట్టిన చట్టాలు ఏ ప్రభుత్వమూ పెట్టి ఉండదు. చెప్పులు గుమ్మం బయటే. బయటి బట్టలు బకెట్లో. మోచేతుల దాకా సబ్బు. తమ్ముడి గ్లాసు వేరు, పళ్ళెం వేరు, చెంచా వేరు, తువ్వాలు వేరు. ఎంగిలి అన్న మాట వినపడితే చాలు, ఒంటికాలి మీద లేచేది. చలిగాలి మొదలైన రోజునుంచి కిటికీలకు గడియలు. అన్నిటికంటే పెద్ద చట్టం ఇంకొకటుంది. ఒంట్లో బాగోలేనివాళ్ళు ఎవరైనా సరే, ఆ ఇంట్లో ఉండకూడదు.

ఆ చట్టం తనకీ వర్తిస్తుందని నిరుటి చలికాలంలో ఆమె చూపించింది కూడా. రెండు దగ్గులు రాగానే పెట్టె సర్దుకుని, దుకాణం వెనక గుడ్డలు దాచే గదిలోకి మకాం మార్చింది. దగ్గు తగ్గినా నమ్మకం కుదరక అక్కడే చాలా రోజులు ఉండిపోయింది. తమ్ముడు తలుపులు వేసుకుని ఒక్కడే ఉన్నాడు. పక్కవీధిలో ఉండే పిన్ని గుమ్మం ముందు భోజనం పెట్టి, తలుపు తట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. అమ్మానాన్నా లేని ఆ ఇద్దరికీ పెద్దదిక్కు ఆ పిన్నే.

ఆ సాయంత్రం అక్క సబ్బూ స్నానం అన్నీ అయి లోపలికి వచ్చేసరికి ముందుగది కిటికీ బార్లా తెరిచి ఉంది.

"పిన్నీ! కిటికీ ఎవరు తీశారు?"

"ఎవరు తీస్తారే, నేనే," అంది పిన్ని వంటింట్లోంచి. "గదిలో ఊపిరాడట్లేదు. వాడికి కిడ్నీ ఇచ్చావు సరే, కాస్త గాలి కూడా ఇవ్వరాదూ?"

"బయట గాలి మారింది. వాడికి తగిలిందంటే ఏమవుతుందో నీకు తెలీదా?"

"మనిషన్నాక గాలి తగలాలే. వాడేమన్నా పాలగిన్నా, మూతపెట్టి ఉంచడానికి?"

కుర్చీలో కూర్చుని కోటు అంచు కుడుతున్న తమ్ముడు తలెత్తాడు. "పాలగిన్నెని కూడా ఒక మాట అడగొచ్చు కదా. నాకు కిటికీ కావాలి."

"నువ్వు నోర్మూసుకో. లోపలున్నది నా కిడ్నీ."

"అద్దెకిచ్చిన ఇంటికొచ్చినట్టు రోజూ వచ్చి తనిఖీ చేస్తావేంటక్కా? రాసిచ్చేశావు కదా."

అక్కకి నవ్వు వచ్చింది గాని బయటపడనివ్వలేదు. కిటికీ మూసి గడియ పెట్టింది. పిన్ని ఏదో గొణుక్కుంటూ చెప్పులేసుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.

తమ్ముడు ఒకప్పుడు అదే దుకాణంలో కత్తిరింపు పని చేసేవాడు. ఇప్పుడు ఇంట్లోనే కోట్ల అంచులు మడిచి చేత్తో కుడతాడు. ఊరికే కూర్చుంటే రోగం గుర్తొస్తోందని పట్టుబట్టి తెప్పించుకున్న పని అది. మాత్రల వల్ల వాడి చేతులు వణుకుతాయి. సూది గుడ్డలో దిగాక ఫరవాలేదు, మందపాటి ఉన్ని ఆ వణుకుని ఆపుతుంది. ఎటొచ్చీ దారం ఎక్కించడమే వాడి వల్ల కాదు. దారం ఎక్కించే తీగ పరికరం ఒకటి కొనిచ్చింది గాని, దాన్ని బెజ్జంలోకి దూర్చడానికే వాడి చెయ్యి ఆగదు. అందుకని అక్క పనికి వెళ్ళేముందు కొన్ని సూదులు, వచ్చాక కొన్ని సూదులు ఎక్కించి ఇస్తుంది. దారం తెంపి, కొస పెదాల మధ్య పెట్టి తడిపి, పళ్ళతో నొక్కి పదును చేసి, ఒక్క తడవలో బెజ్జంలోంచి లాగుతుంది. వాడు ఆ సూది అందుకుని, మడత సరిచేసుకునే దాకా పెదాల మధ్య పట్టుకుంటాడు. కుట్టు పూర్తయ్యాక దారం పంటితో కొరుకుతాడు.

కుట్టుపని నేర్చిన వాళ్ళంతా చేసేది అంతే. కత్తెర ఎలాగో పెదాలూ అలాగే, పనిముట్లు. గ్లాసు ఎంగిలి, చెంచా ఎంగిలి, కొరికిన పండు ఎంగిలి. దారాన్ని ఎంగిలి అన్నవాళ్ళని అక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమెకి గొంతులో ఏదో గీరుకుంటున్నట్టు అనిపించింది. నూగు అనుకుంది. నూగే అయి తీరాలి, ఎందుకంటే నూగు కాకపోతే ఆ పూటే పెట్టె సర్దుకోవాలి. ఎక్కడికి సర్దుకుంటుంది? దుకాణం వెనక గదిలో ఈసారి కాలు పెట్టడానికి చోటు లేదు, నేల నుంచి కప్పు దాకా ఉన్ని తానులే. తను వెళ్తే వాడి మాత్రలు ఎవరు చూస్తారు? ఏ మాత్ర ఏ పూటో పిన్నికి ఎన్నిసార్లు చెప్పినా తికమకే. పైగా కిటికీలు బార్లా తీసి కూర్చుంటుంది. అందుకని అక్క దుకాణంలో కుళాయి దగ్గర వేడి ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఒళ్ళునొప్పుల మాత్ర ఒకటి మింగి, ఇంటికి మాస్కు పెట్టుకుని వచ్చింది. కట్టుదిట్టం చేశానని తనకి తను చెప్పుకుంది.

"అదేంటి, మాస్కు?" అన్నాడు తమ్ముడు.

"నూగు పడట్లేదురా. ఈసారి వచ్చిన ఉన్ని మరీ నాసి."

"గొంతు బొంగురుగా ఉంది."

"నూగే."

వాడికి దూరంగా, గదికి ఆ కొసన కూర్చుంది. వాడి వైపు తిరిగి మాట్లాడలేదు. భోజనం వేరుగా చేసింది. అన్నీ అయ్యాక సూదులు ముందేసుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి, దారం కొస తడిపి, మాస్కు మళ్ళీ పైకి లాక్కుని, బెజ్జంలో ఎక్కించి, చెయ్యి బాగా చాపి దూరం నుంచే అందించింది. వాడు ఒక్క క్షణం ఆమె మొహం కేసి చూశాడు. తర్వాత సూది తీసుకుని పెదాల మధ్య పట్టుకుని, కోటు మడత సరిచేసుకున్నాడు.

ఆ మర్నాడూ అలాగే గడిచింది. అక్కకి కీళ్ళన్నీ లాగుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. మాత్ర మింగి పనికి వెళ్ళింది. ఆ పై రోజు తెల్లవారేసరికి తమ్ముడు దుప్పటి కింద పళ్ళు టకటకలాడిస్తూ కనిపించాడు. అక్క థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం. ఇలాంటి మనిషికి జ్వరం వస్తే తగ్గుతుందేమోనని చూడకూడదు, అంకె చూసిన వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బండి పిలిచింది. కబురు అందుకున్న పిన్ని వెనకే వచ్చింది.

రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ మొహంలో అక్కకి నచ్చనిది ఏదో కనపడింది.

"కిడ్నీ అంకె పెరిగింది, అది సరిగ్గా పనిచెయ్యట్లేదు," అంది డాక్టరమ్మ. "జ్వరం దేని వల్లో తేల్చాలి. ఇంట్లో ఎవరికైనా జలుబు గాని, గొంతు నొప్పి గాని, జ్వరం గాని ఉందా?"

"లేవండి. మా ఇంట్లో ఆ మాటే లేదు."

"మీరు మాస్కు పెట్టుకున్నారే?"

"ఇది నూగుకండి. ఉన్ని పని మాది."

అబద్ధం ఆడుతున్నానని ఆమెకి అనిపించలేదు. మూడు రోజులుగా అందరికీ చెప్పీ చెప్పీ ఆ మాటని తనే నమ్మేసింది.

"అయితే నా అనుమానం కిడ్నీ మీదే," అంది డాక్టరమ్మ. "ఒళ్ళు దాన్ని తిప్పికొడుతున్నట్టుంది. ఇంకో రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది. అది చూసి పెద్ద మందు మొదలుపెడతాం. ఎదిరించే శక్తి ఏదైనా మిగిలి ఉంటే దాన్ని కూడా అణిచేస్తుంది ఆ మందు."

"మరి అప్పుడు ఇంకేదన్నా రోగం వస్తే డాక్టరు గారూ?"

"అందుకేగా ముందు మిమ్మల్ని అడిగింది, ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు కదా అని."

అక్క తల ఊపి బయటికి వచ్చింది. నడవాలో బల్ల మీద పిన్ని సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెని చూడగానే అక్కకి ఎక్కడలేని కోపం పొంగుకొచ్చింది. భయంతో చచ్చిపోతున్న మనిషికి కోప్పడటానికి ఒకరు దొరికితే అదో ఊరట. గాలిలాగే పిన్ని కూడా తిరిగి ఏమీ అనదని ఆమెకి తెలుసు.

"ఇప్పుడు కళ్ళు చల్లబడ్డాయా?" అంది. "కిటికీ తీయొద్దు తీయొద్దని మొత్తుకున్నాను. విన్నావా? కన్నబిడ్డయితే అలా గాలికి వదిలేసేదానివా?"

పిన్ని మొహం పాలిపోయింది. "నేనా? వాణ్ణి నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు? నేను బయటినుంచి ఒక్క దుమ్ము కణం లోపలికి రానివ్వలేదు. నువ్వే తలుపు తెరిచి పిలిచావు దాన్ని. ఇంక మా గడప తొక్కకు పిన్నీ."

నడవాలో జనం తలలు తిప్పి చూశారు. పిన్ని సంచీ బల్ల మీద పెట్టేసి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అక్క వెనక్కి పిలవలేదు.

వాడి మాత్రల పెట్టె, ఒక జత వెచ్చటి బట్టలు తెమ్మని నర్సు చెప్పడంతో అక్క ఇంటికి వెళ్ళింది. తాళం తీయగానే మూసిన గది వాసన మొహాన కొట్టింది. నాలుగు రోజులుగా గడియ తీయని కిటికీలు అవి. మాత్రల పెట్టె సంచీలో పెట్టుకుంది, బట్టలు మడిచింది. తమ్ముడి కుర్చీలో కోటు అలాగే పడి ఉంది. అంచు కుట్టు ముప్పాతిక దాకా వచ్చి ఆగిపోయింది. ఖాళీ సూది గుచ్చి ఉంది. కళ్ళు తెరవగానే వాడు ముందు ఆ కోటు గురించే అడుగుతాడు. పని సగంలో వదిలేస్తే వాడికి నిద్రపట్టదు. ఈ కొంచెం కుట్టేసి, అయిపోయిందిరా అని చెబితే ఊరుకుంటాడనిపించింది. కూర్చుంది. చేతులకి ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

దారం తెంపింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. కొస పెదాల మధ్య పెట్టింది.

అలాగే ఉండిపోయింది. దారం నాలుక మీద ఉంది, మాస్కు గడ్డం కింద ఉంది. మెల్లగా దారాన్ని బయటికి తీసి వెలుతురులో పెట్టి చూసింది. కొస తడిగా మెరుస్తోంది. నిన్న సాయంత్రం ఇలాంటిదే వాడికి అందించింది. నిన్న పొద్దున, మొన్న రెండు పూటలా కూడా. గ్లాసు ముట్టుకోనివ్వలేదు, చెంచా ముట్టుకోనివ్వలేదు. నోట్లోంచి తీసి నోట్లో పెట్టినట్టు వాడికి తనే అందించింది.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. వాడి ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టడం లేదు. వాడికి అంటుకున్నది తన రోగం. డాక్టరమ్మ ఆ సంగతి తెలియక, రోగంతో పెనుగులాడుతున్న మనిషి చేతులు వెనక్కి విరిచి కట్టబోతోంది. అదీ ఈ మధ్యాహ్నమే.

వార్డుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తమ్ముడికి చేస్తే, వాడి ఫోను ఆ కోటు పక్కనే మోగింది. అక్క సంచీ అక్కడే వదిలేసి, తలుపు వెయ్యకుండా వీధిలోకి పరుగెత్తింది. దొరికిన బండి ఎక్కింది. బండి ఆగిన ప్రతిచోటా దిగబోయింది. చివరికి ఆసుపత్రి మలుపు దగ్గర వాహనాలు కదలకపోతే దిగి పరుగు తీసింది. నిలువునా వణుకుతోంది, ఒళ్ళు కాలిపోతోంది, అదేదీ ఆమె పట్టించుకోలేదు.

ఆమె వచ్చేసరికి నర్సు మంచం పక్కన మందు సీసా తగిలిస్తోంది. గుమ్మంలో అడుగు వెయ్యబోయి అక్క ఆగింది. రెండడుగులు వెనక్కి వేసి నడవాలోంచే అరిచింది.

"పెట్టకండమ్మా! ఆ మందు పెట్టకండి! గొంతు నొప్పి నాకుంది. ఇదిగో, మూడు రోజులుగా ఉంది. నేనే అంటించాను."

నర్సు చెయ్యి ఆగిపోయింది. డాక్టరమ్మ పక్కగదిలోంచి వచ్చింది. అక్క నూగు దగ్గర్నుంచి దారం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"పొద్దున అంత స్పష్టంగా అడిగాను కదమ్మా," అంది డాక్టరమ్మ. గొంతులో చిరాకు దాచుకోలేదు. "ఎందుకు చెప్పలేదు?"

"రోగం అనుకోలేదండి. అనుకుంటే ఇంట్లోంచి వెళ్ళిపోవాలి."

డాక్టరమ్మ ఇద్దరి ముక్కుల్లోంచీ పుల్లతో నమూనా తీయించింది. కాసేపటికే తేలింది. ఇద్దరిదీ ఒకటే, ఫ్లూ. సీసా దింపేశారు. వేరే మందు మొదలుపెట్టారు. రోజూ మింగే మాత్రల్లో ఒకదాన్ని ఆపేశారు.

"మాత్ర ఆపాం కాబట్టి కిడ్నీకి గండమే. ఆపకపోతే మనిషికి గండం," అంది డాక్టరమ్మ. "రేపటికి గాని ఏ సంగతీ చెప్పలేను."

"గాలి తగలనివ్వలేదండీ. కిటికీలన్నీ మూసే ఉంచాను."

"అదేనమ్మా మనందరం చేసే పొరపాటు. రోగం గాలి మారినందుకు రాదు. గాలి మారిందని అందరం ఒక గదిలో దూరి తలుపులేసుకుంటాం, ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరం పీలుస్తాం. చల్లటి పొడిగాలిలో ఈ క్రిములకి ఆయుష్షు ఎక్కువ. మన ముక్కులేమో ఎండిపోయి వాటిని ఆపలేవు. మీకు దుకాణంలో అంటుకుని ఉంటుంది. ఆయనకి దారం వల్లే వచ్చిందో, ఆ మూసిన గదిలో మీ ఊపిరి వల్లే వచ్చిందో నేను చెప్పలేను." ఆగి, అక్కని పైనుంచి కిందికి చూసింది. "మీరు ఈ మందు వేసుకుని వెళ్ళి పడుకోండి. లోపలికి మాత్రం రాకూడదు. ఆయన దగ్గర ఉండటానికి ఒంట్లో బాగున్న మనిషి ఒకరు కావాలి. ఉన్నారా?"

ఉంది. లోకం మొత్తం మీద ఒక్కతే ఉంది.

పిన్ని ఇంటి ముందు అక్క మెట్లు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి పిలిచింది. పిన్ని తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"దగ్గరికి రాకు పిన్నీ. నాకు ఫ్లూ. వాడికి నేనే అంటించాను. నీ కిటికీ కాదు." మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. "నిన్ను అనరాని మాటలన్నాను. నన్ను తిట్టు, కొట్టు, తర్వాత ఏమన్నా చెయ్యి. ముందు వాడి దగ్గరికి వెళ్ళు. నన్ను రానివ్వరు."

పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తిట్టే పని తీరిగ్గా పెట్టుకుంటాలే," అంది. "అంత తేలిగ్గా వదుల్తానేంటే నిన్ను. పక్కకి జరుగు, చెప్పులేసుకోవాలి."

ఆసుపత్రిలో పిన్నికి కూడా పరీక్ష చేసి, ఏమీ లేదన్నాక లోపలికి పంపారు. పడుకోమన్న డాక్టరమ్మ మాట అక్క చెవిన వేసుకోలేదు. వార్డు వెనక ఖాళీ పెరడుంది. తమ్ముడి మంచం ఆ వైపు కిటికీ దగ్గరే. చీకటి పడేదాకా అక్కడే తచ్చాడింది. కాపలావాడు గేటు వేస్తానంటే ఇంటికి వెళ్ళి, తెల్లవారగానే మళ్ళీ వచ్చింది. చలిగాలి రివ్వున కొడుతోంది. కిడ్నీ పోతే పోయింది, మనిషి దక్కితే చాలు అని ఒకసారి అనుకుంది. ఆ మాట అనుకున్న కాసేపటికి, అదీ పోకూడదని ఏడ్చింది.

పొద్దెక్కాక కిటికీ అద్దం అవతల పిన్ని కనపడింది. రెండు చేతులూ ఊపుతోంది. అక్క ఫోను మోగింది.

"జ్వరం దిగిందే!" అంది పిన్ని. "అంకె కూడా పెరగడం ఆగిందట, కాస్త తగ్గిందట. కిడ్నీ నిలబడేట్టే ఉందంటున్నారు. ఇదిగో, వీడు మాట్లాడతాడట."

పిన్ని ఫోను వాడి చెవి దగ్గర పట్టుకుంది. అద్దంలోంచి వాడి మొహం పీక్కుపోయి కనిపించింది.

"అక్కా," అన్నాడు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. "పిన్నిని తిట్టావట."

"తప్పయిపోయిందిరా. తప్పంతా నాదే. నాకు తెలీలేదు. దారం సంగతి నాకు తట్టనే లేదు."

"నాకు తట్టింది."

అక్కకి అర్థం కాలేదు.

"నీకు బాగోలేదని మొదటి రోజే తెలుసు నాకు," అన్నాడు వాడు. "నీ గొంతు నాకు తెలీదా? నూగు తెలీదా? నువ్వు మాస్కు లాగి దారం తడుపుతుంటే చూస్తూనే ఉన్నాను."

"చూసి కూడా నోట్లో పెట్టుకున్నావా?" అక్క పెరడంతా వినపడేలా అరిచింది. "బుద్ధుందా నీకు? వద్దని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"అంటే నీకు తెలిసిపోయేది, నీది రోగమని. తెలిస్తే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేదానివి. చట్టం పెట్టింది నువ్వేగా." వాడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. "నిరుడు నువ్వెళ్ళినప్పుడు ఆ మూసిన గదిలో గోడలతో మాట్లాడానక్కా. పిన్ని తలుపు తట్టిన చప్పుడు వినడానికి భోజనం వేళ దాకా కాచుకుని కూర్చునేవాణ్ణి. మళ్ళీ అలా ఉండటం కన్నా జలుబే నయమనిపించింది. ఇంత పని అవుతుందనుకోలేదు."

వాణ్ణి బతికించడానికే పెట్టిన చట్టం అది. దానికి భయపడి తను రోగాన్ని దాచింది, దానికే భయపడి వాడు, తెలిసిన సంగతిని దాచాడు. చచ్చేంత పని అయింది ఇద్దరికీ. ఆమె అద్దం మీద చెయ్యి పెట్టబోయి, ఇది కూడా అంటుతుందేమోనని వెనక్కి తీసుకుంది.

"ఇంక ఆ చట్టం లేదు," అంది. "ఒళ్ళు బాగోకపోతే ముందు చెప్పాలి. అంతే. చెప్పినవాళ్ళని ఇంట్లోంచి పంపేది లేదు. ఎలా జాగ్రత్తపడాలో డాక్టరు గారినే అడుగుదాం."

"సరే." వాడు తల ఆ వైపు తిప్పి ఆమెని పరీక్షగా చూశాడు. చలిలో ఆమె శాలువా అయినా లేకుండా, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "మరి నువ్వు చెప్పు. నీకెలా ఉంది?"

బాగానే ఉందిరా అనడానికి నోరు తెరిచింది అక్క. ఆపరేషను అయిన నాటినుంచి ఎవరు ఎప్పుడు అడిగినా ఆమె నోట వచ్చే జవాబు అదే. ఈసారి రాలేదు. గోడ వెంబడి జారి, కిటికీ కింద మట్టిలో చతికిలబడింది. ఫోను మాత్రం చెవి దగ్గరే ఉంది.

"బాగోలేదురా," అంది. "అస్సలు బాగోలేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. తల పగిలిపోతోంది. చలేస్తోంది."